పాత చెప్పుల అడుగులు, నల్ల నూనె, వివాన్ సుందరం

కళాకారుడు వివాన్ సుందరం పని నా కంట పడేనాటికి నా దృష్టిలో చిత్రకళ అంటే కాన్వాసు, కుంచెలు, నూనె రంగులు. హైదరాబాదులో బొమ్మలు వేయడం నేర్చుకుంటున్న రోజులవి. గల్ఫ్ యుద్ధం ముగిసి ఎంతో కాలం కాలేదు. లైబ్రరీలో ఒక కళా పత్రిక తిరగేస్తుంటే నలుపు తెలుపు ఫోటో ఒకటి కనిపించింది. గోడకు పెద్ద కాగితాలు, వాటి మీద బొగ్గు గీతలు, గీతల మధ్య ఏదో కారి ఇంకిపోయిన నల్లని మడుగులు. బొమ్మ గోడతో ఆగలేదు. కింద నేల మీద పెట్టిన రేకు పళ్లెం దాకా దిగివచ్చింది. పళ్లెంలో నల్లని ద్రవం కదలకుండా నిలిచి ఉంది. ఫోటో కింద చిన్న అక్షరాల్లో రాశారు: కాగితం, బొగ్గు, ఇంజిన్ ఆయిలు, జింకు పళ్లెం.

ఇంజిన్ ఆయిలు అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నూనె కాగితాన్ని తినేస్తుందని, పూత వేయకుండా కాగితానికి నూనె రంగు తగలనివ్వకూడదని మాకు మొదట్లోనే నేర్పారు. ఈయన అది తెలిసే చేశారు. చమురు చుట్టూ తిరిగిన యుద్ధం గురించి చెప్పడానికి చమురునే తెచ్చుకున్నారు. 1991లో వచ్చిన ఆ వరుసలో ఒక పని పేరు ‘అప్రోచింగ్ 100,000 సార్టీస్’. లక్షకు చేరువవుతున్న యుద్ధ విమానాల రాకపోకల లెక్క అది. ఆ యుద్ధాన్ని మేమంతా టీవీ తెర మీద రాత్రి ఆకాశంలో మెరిసే చుక్కలుగా చూశాం. ఆయన దగ్గరికి వచ్చేసరికి అది నేల మీద పేరుకున్న మడ్డి అయింది.

ఆ ఫోటో చూశాక నేనూ నా స్నేహితులూ ఒక మెకానిక్ షెడ్డుకు వెళ్లి, బండ్ల నుంచి తీసేసిన పాత ఆయిలు డబ్బాలో పట్టుకొచ్చాం. కాగితం మీద వేసిన చుక్క వేసిన చోట ఉండదు. ముందు నడుమ నల్లగా నిలబడుతుంది. కాసేపటికి దాని చుట్టూ తేనెరంగు అంచు బయల్దేరుతుంది. మర్నాటికి ఆ అంచు ఇంకాస్త జరుగుతుంది, ఆ మర్నాటికి మరికాస్త. మసి నడుమనే ఉండిపోతుంది, నూనె మాత్రం ముందుకు పోతూ ఉంటుంది. నూనె తాగిన మేర కాగితం వెలుతురు దాటేంత పలచబడుతుంది. బొగ్గు గీత మీదుగా నూనె పాకితే గీత చెదరదు, మరింత ముదురుతుంది. అంటే బొమ్మ పూర్తయిందని చెప్పే అధికారం గీసినవాడి చేతిలో లేదు. ఆయిలు ఆగినప్పుడే బొమ్మ ఆగుతుంది. నూనె రంగుతో ఎన్ని నలుపులు కలిపినా నాకు అలాంటి నలుపు దొరకలేదు.

తర్వాత ఆయన గురించి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను. 1943లో సిమ్లాలో పుట్టారు. పేరుపొందిన చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ ఆయనకు పెద్దమ్మ. ఆయన పుట్టడానికి ఏడాదిన్నర ముందే, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, లాహోరులో ఆమె కన్నుమూశారు. తండ్రి కె.వి.కె. సుందరం మన దేశానికి రెండో ప్రధాన ఎన్నికల కమిషనర్. వివాన్ బరోడాలో చిత్రకళ చదివి, పై చదువుకు లండన్‌లోని స్లేడ్ స్కూలుకు వెళ్లారు. 1968 విద్యార్థి ఉద్యమాల వేడిలో అక్కడే ఉన్నారు. తిరిగివచ్చాక కసౌలిలో కళాకారులు కలిసి పనిచేసుకునే కేంద్రం ఒకటి నడిపారు. 1981 నాటి ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శనలో భూపేన్ ఖఖ్ఖర్, గులాం మహమ్మద్ షేక్, నళినీ మలానీ, జోగెన్ చౌధురి, సుధీర్ పట్వర్ధన్‌లతో పాటు ఆయన బొమ్మలూ ఉన్నాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇంజిన్ ఆయిలు పట్టుకునేనాటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్లు. నూనె రంగుల్లో పేరు తెచ్చుకున్న మనిషి. మనుషుల్ని గదుల్లో, పడక కుర్చీల్లో, వరండాల్లో కూర్చోబెట్టి కథ చెప్పగల చేయి. ఆ చేతిలో ఉన్నదాన్ని పక్కన పెట్టి షెడ్డులో పారబోసే నూనె దగ్గరికి వెళ్లడానికి ఎంత తెగువ కావాలో చిత్రకారులకు తెలుస్తుంది. కొనేవాళ్లు ఉన్న బొమ్మను వదిలి, కొనేవాళ్లు లేని బొమ్మ వైపు నడవడం అది.

ఆ వెంటనే 1992 డిసెంబరు వచ్చింది. అయోధ్య తర్వాత బొంబాయి తగలబడింది. టైమ్స్ ఆఫ్ ఇండియా ఫోటోగ్రాఫర్ హోషి జాల్ తీసిన ఫోటో ఒకటి అప్పట్లో అచ్చయింది. వీధిలో ఒక మనిషి శవం, పక్కన చెత్తకుండీ. ఆ ఒక్క ఫోటో చుట్టూ సుందరం 1993లో ‘మెమోరియల్’ కట్టారు. ఆ ఫోటోకు మళ్లీ మళ్లీ ప్రతులు తీసి, వాటికి మేకులు కొట్టారు. ఒకచోట ఆ మేకులు శవాన్ని కప్పే దుప్పటిలా పరుచుకున్నాయి. రేకు ట్రంకు పెట్టెలను ఒకదాని మీద ఒకటి పేర్చి ద్వారం నిలబెట్టారు.

ఈ పనిని నేను ఫోటోల్లోనే చూశాను. అయినా ఆ ట్రంకు పెట్టెల ద్వారం దగ్గర గొంతు పట్టేసింది. ఊరు వదిలి పనికి పోయేవాడు నెత్తిన పెట్టుకుని పోయే పెట్టె అది. రైలు బెర్తు కిందికి తోసేది, తాళం వేసి గోడకు ఆనించేది. యుద్ధాలు గెలిచినవాళ్ల ద్వారాలు రాతితో కడతారు. పేరు కూడా అచ్చుకాని మనిషి కోసం కట్టిన ద్వారానికి ఇంతకన్నా సరైన ఇటుక ఏముంది? పాత వస్తువు బొమ్మలోకి రావడమంటే ఏమిటో నాకు అప్పుడే అర్థమవడం మొదలైంది. రంగు బాగుందనో ఆకారం వింతగా ఉందనో ఆయన వస్తువును తీసుకోరు. ఆ వస్తువును ఎవరు మోశారు, ఎవరు వాడారు, ఎవరు వదిలేశారు అన్నది తీసుకుంటారు. ఆ జాడ చెరిగిపోకుండా చూసుకుంటారు.

పారేసిన వాటితో బొమ్మ కట్టడం ఆయనతో మొదలు కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో కుర్ట్ ష్విటర్స్ ట్రాము టికెట్లు, చిత్తు కాగితాలు, చెక్క ముక్కలు ఏరి అతికించారు. అమెరికాలో రౌషెన్‌బర్గ్ 1950లలో పాత టైర్లను, పరుపు గుడ్డలను బొమ్మలోకి తెచ్చారు. ఆ రౌషెన్‌బర్గే 1975లో అహ్మదాబాదు వచ్చి కాగితం, మట్టి, బట్టలతో పనిచేసి వెళ్లారు. ఇక చండీగఢ్‌లో రాక్ గార్డెన్ కట్టిన నేక్‌చంద్ సంగతి ఉండనే ఉంది. కొత్త నగరం కోసం పడగొట్టిన ఊళ్ల శిథిలాలను, పగిలిన గాజులను, పింగాణీ ముక్కలను మోసుకెళ్లి, ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి ఒక లోకమే కట్టుకున్నారు. నేక్‌చంద్ గాజు ముక్కల బొమ్మల మధ్య నిలబడితే నాకు ఇప్పటికీ పిల్లవాడికి కలిగే సంతోషం కలుగుతుంది. సుందరం పని ముందు ఆ సంతోషం కలగదు. కలగాలని ఆయన అనుకోలేదు కూడా.

2008లో ‘ట్రాష్’ పేరుతో ఆయన చేసిన ఫోటోలను ముంబైలో చూశాను. ఢిల్లీలో చెత్త ఏరి బతికేవాళ్లతో కలిసి పనిచేసే చింతన్ అనే సంస్థ ద్వారా చెత్త తెప్పించుకుని, తన స్టూడియో నేల నిండా దానితో ఒక నగరాన్ని పరిచారు. పై నుంచి దాన్ని ఫోటోలు తీశారు. దూరంగా నిలబడితే అది ఆకాశం నుంచి తీసిన మహానగరం. రోడ్లు, పేటలు, గోపురాలు, మురికివాడలు, ఒక పద్ధతిలో పరుచుకున్న ప్లాను. నాలుగడుగులు ముందుకు వేస్తే ఆ గోపురం డబ్బా మూత, ఆ పేట అంతా నలిగిన రేకులు, ఆ ప్రహరీ వరసగా నిలబెట్టిన ఖాళీ సీసాలు. మళ్లీ వెనక్కి వెళ్తే మళ్లీ నగరం. అలా ముందుకూ వెనక్కూ నడుస్తూ ఆ మధ్యాహ్నమంతా అక్కడే గడిపాను. నగరం తాను వాడి పారేసిన వాటితోనే తయారై తన ముఖం తాను చూసుకుంటున్నట్టుంది.

అదే కాలంలో ఆయన తీసిన ఒక చిన్న వీడియో ఉంది, ‘ద బ్రీఫ్ అసెన్షన్ ఆఫ్ మరియన్ హుసేన్’. చెత్తకుప్ప మీద పడుకున్న ఒక కుర్రాడు లేచి, ఒక్కసారిగా పైకి ఎగసిపోతాడు. అంతే. ‘ట్రాష్’ ఫోటోల్లో మనిషి కనిపించడు, ఆ లోటును ఈ చిన్న వీడియో తీరుస్తుంది. ఆ రెండూ పక్కపక్కన చూడాల్సినవని నా అభిప్రాయం. వాడి పారేసిన నీళ్ల సీసాలతో తెప్ప కట్టి యమునలో వదిలిన పని కూడా ఆ వరుసలోదే.

‘ట్రాష్’ గురించి తోటి చిత్రకారులతో చాలా వాదనలు జరిగాయి. చెత్తను అందంగా మార్చి గ్యాలరీ గోడ మీద వేలాడదీయడం చెత్త ఏరేవాళ్ల కష్టాన్ని కప్పెయ్యడమే అని ఒక స్నేహితుడు గట్టిగా అనేవాడు. ఆ మాటను కొట్టిపారేయలేను. కొన్ని పెద్ద ఫోటోల మెరుపు నన్నూ ఇబ్బంది పెట్టింది. వాసన లేని చెత్త అది. కానీ ఆ నగరంలో ప్రతి ముక్కను ముందు ఒక చేయి ఏరింది, ఏ ప్లాస్టిక్కు ఏ కుప్పలోకి పోవాలో విడదీసింది. ఆ విడదీసే తెలివి మీదే ఆ ప్లాను అంతా నిలబడి ఉంది. ఆ తెలివిని చిత్రకారుడు తనదిగా చెప్పుకోలేదు, తన స్టూడియోలోకి పిలిచి దానికి చోటిచ్చాడు. వాదన అక్కడితో తేలలేదు, ఇప్పటికీ కలిస్తే మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఆ స్నేహితుడు కూడా మాట్లాడకుండా నిలబడిపోయిన పని ఒకటుంది. 2005లో చేసిన ‘12 బెడ్ వార్డ్’. మేమిద్దరం కలిసి దాన్ని ఢిల్లీలో చూశాం. చీకటి గది. అందులో ఆసుపత్రి వార్డులోలాగా రెండు వరుసల్లో పన్నెండు ఇనుప మంచాలు. ఒక్కో మంచం మీద ఒక్కో బల్బు, తీగకు వేలాడుతూ. మంచాల మీద పరుపు లేదు. పరుపు ఉండాల్సిన చోట పాత చెప్పుల, బూట్ల అడుగులు. ఒకదానికొకటి దారాలతో కట్టి, చట్రానికి లాగి బిగించారు. నులక మంచం అల్లినట్టే, కానీ నులకకు బదులు మనుషుల అడుగులు.

ఒక మంచం పక్కన కూర్చుని ఆ అడుగుల్ని చూశాను. పెద్దవాళ్లవి ఉన్నాయి, వాటి మధ్య చిన్నవీ ఉన్నాయి. ఒకదానికి మడమ దగ్గర చిల్లు. ఒకదాని మీద గీతల నమూనా పూర్తిగా అరిగి నున్నబడింది. ఒకదాని అంచున మేకులు బయటకు వచ్చి ఉన్నాయి, ఎవరో ఎన్నోసార్లు కుట్టించుకుని వేసుకున్నదని తెలుస్తోంది. బల్బు వెలుతురు ఆ అడుగుల సందుల్లోంచి జారి నేల మీద పడుతోంది. నేల మీద ఆ నీడల్లో మళ్లీ పాదాలే. మంచం మీద ఎవరూ లేరు. అయినా వార్డు నిండా మనుషులు ఉన్నట్టే ఉంది. అక్కడ నాకు ఇంకో సంగతి తట్టింది. ఇది చిత్రకారుడు మాత్రమే చేయగల పని. ఆ నీడ గీత, దాని మెత్తదనం, నలుపు ఎంత ముదరాలో తెలిసి బల్బును ఆ ఎత్తున వేలాడదీయడం, ఇదంతా బొగ్గుతో గీసి గీసి వచ్చిన చేయి. ఆయన చిత్రకళ వదిలేశారని రాసేవాళ్లు ఈ గదిలో కాసేపు కూర్చోవాలి.

2012 డిసెంబరు 12న కొచ్చి-ముజిరిస్ బినాలే, అంటే రెండేళ్లకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన, మొదటిసారి మొదలైంది. ఆ ఏడాది నేనూ కొచ్చి వెళ్లాను. ఫోర్ట్ కొచ్చిలో సముద్రం ఒడ్డునే ఆస్పిన్‌వాల్ హౌస్, ఒకప్పుడు మిరియాలు, కొబ్బరి పీచు ఎగుమతి చేసిన వ్యాపార సంస్థ గోదాములు. అందులో సుందరం ‘బ్లాక్ గోల్డ్’ పరిచారు. ప్రాచీన ముజిరిస్ రేవు ఇదేనని చాలామంది పరిశోధకులు భావించే పట్టణం అనే ఊళ్లో కేరళ చారిత్రక పరిశోధన మండలి తవ్వకాలు జరిపింది. అక్కడ కుండపెంకులు గుట్టలు గుట్టలుగా బయటపడ్డాయి. పరిశోధనకు పనికొచ్చేవి తీసి భద్రపరిచాక మిగిలిన పెంకులు ఈయన దగ్గరికి వచ్చాయి. అంటే అవి రెండుసార్లు పారేసిన వస్తువులు. కుండ పగిలినప్పుడు ఒకసారి, చరిత్రకు అక్కర్లేకపోయినప్పుడు ఇంకోసారి.

ఆ పెంకులతో నేల మీద ఒక నగరం. గోడలు, సందులు, దిబ్బలు, మిట్టలు. అన్నీ ఒకే ఇటుక ఎరుపు అనిపిస్తుంది మొదట. కళ్లు అలవాటు పడ్డాక బూడిద రంగు పెంకులు, పొగచూరిన పెంకులు, లోపలి వైపు నల్లగా మాడినవి విడివిడిగా కనిపిస్తాయి. మాడిన వైపు చూస్తే ఆ కుండ పొయ్యి మీదికి ఎక్కిందని తెలుస్తుంది. పక్కనే వీడియోలో ఆ పెంకుల నగరం మీదికి నీళ్లు వస్తాయి, మిరియాల గింజలు తేలుతూ పోతాయి. రోము దాకా పోయిన మిరియాలే ఆ రేవును బతికించాయి. ఆ రేవు ఎలా మాయమైందో చెప్పే కథల్లో వరద కూడా ఒకటి. నా పక్కన నిలబడిన ఒక పెద్దాయన తన మనవడికి పెంకులు చూపిస్తూ ఏదో మలయాళంలో చెబుతున్నారు. నాకు భాష తెలియదు గానీ, ఆయన వేలు ఒక పెంకు అంచు మీదుగా గాలిలో గుండ్రంగా తిరిగింది. పూర్తి కుండ ఎలా ఉండేదో చూపిస్తున్నారు.

‘గగావాకా’ గురించి కూడా ఒక మాట చెప్పాలి. కాగితం కప్పులు, ముఖానికి కట్టుకునే మాస్కులు, ఎక్స్‌రే ఫిల్ములు ఇలాంటి వాటితో దుస్తులు కుట్టించి, మనుషులకు వేసి నడిపించిన పని అది. 2011లో ఢిల్లీలో చేశారు. చాలామంది మెచ్చుకున్నారు. నాకు మాత్రం అందులో వస్తువు జాడ కన్నా కుట్టుపని తెలివి ఎక్కువగా కనిపించింది. ఆయన పనిలో నేను వెనక్కి వెళ్లి మళ్లీ చూడనిది అదొక్కటే.

మంచాలు చూసి వచ్చాక నేనూ చెప్పుల అడుగులు సేకరించడం మొదలుపెట్టాను. ఆయన చేసిన పని మళ్లీ చేయడానికి కాదు, వాటిని చూసి గీయడానికి. పాత సామాన్లు కొనే ఒక దుకాణానికి తరచూ వెళ్లేవాణ్ణి. అక్కడ చెప్పుల కుప్ప దగ్గర వయసు మళ్లిన ఒకావిడ కూర్చుని ఏరుతూ ఉండేది.

“అరిగిపోయినవి ఏం చేసుకుంటారు బాబూ? ఇటు గట్టివి ఉన్నాయి చూడండి” అంది నన్ను చూసి.

“అరిగినవే కావాలమ్మా. బొమ్మలు గీస్తాను.”

ఆవిడ నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. కాసేపు ఆలోచించి కుప్పలోంచి ఒకటి తీసి నా చేతికిచ్చింది. “అయితే ఇది తీసుకోండి. రిక్షా తొక్కినాయనది. వేళ్ల దగ్గర ఎట్లా పోయిందో చూడండి, మడమ చెక్కు చెదరలేదు.” ఇంకొకటి తీసింది. “ఇది బరువులు మోసినాయనది. మడమ చూడండి.” ఒక పక్కకే అరిగినది చూపించి, “ఈయనకు ఒక కాలు నొప్పి” అంది. అవన్నీ నిజమో కాదో పోల్చి చూసే దారి నాకు లేదు. కానీ ఆ తర్వాత చాలా కాలం ఆవిడ చెప్పిన తీరులోనే గీశాను. ముందు ఎక్కడ అరిగిందో గీయడం, ఆ తర్వాతే ఆకారం. ఆకారంతో మొదలుపెట్టి గీసినవి చెప్పుల్లా ఉండేవి. అరుగుదలతో మొదలుపెట్టి గీసినవి మనుషుల్లా వచ్చేవి.

సుందరం 2023 మార్చి 29న ఢిల్లీలో పోయారు. డెబ్భై తొమ్మిదేళ్లు. షార్జా బినాలేలో ఆయన కొత్త పని ‘సిక్స్ స్టేషన్స్ ఆఫ్ ఎ లైఫ్ పర్స్యూడ్’ అప్పటికింకా ప్రదర్శనలోనే ఉంది. వార్త తెలిసిన రోజు ముంబైలో వాదించిన ఆ స్నేహితుడే ఫోను చేశాడు. ‘ట్రాష్’ గురించి తన అభిప్రాయం మారలేదని ముందే చెప్పి, ఆ తర్వాత చాలాసేపు మంచాల గది గురించే మాట్లాడాడు.

నా దగ్గరికి వచ్చే యువ చిత్రకారులు పాత ఇనుము, ప్లాస్టిక్కు, టార్పాలిన్లతో బాగా పనిచేస్తున్నారు. ఆయన పేరు చెబితే కొందరికి తెలియడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆయనవీ, ఆయన భార్య, కళా విమర్శకురాలు గీతా కపూర్‌వీ కాగితాలు, ఫోటోలు, ప్రదర్శనల వివరాలు ఆసియా ఆర్ట్ ఆర్కైవ్ డిజిటల్ రూపంలో భద్రపరిచింది. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. 1991 ఆయిలు కాగితాలతో మొదలుపెట్టండి, తర్వాత ‘మెమోరియల్’, ఆ తర్వాత మంచాలు. ‘ట్రాష్’ను చివర చూడండి. ముందే చూస్తే దాని మెరుపు మిగిలినవాటిని కప్పేస్తుంది. మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఆయన పనులన్నీ ఒకచోట పరిచి చూపించే రోజు రావాలని నాకు గట్టి కోరిక. అలాంటి ప్రదర్శన కోసం పనిచేయగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే, మంచాలు దించడం దగ్గర్నుంచి బల్బులు కట్టడం దాకా ఏ పనికైనా నేను వస్తాను.